దాడిలోని దోషం ఎవరి పాలు?

దాడికి పెద్దపీట వేసే ఫుట్‌బాల్ జట్టు వ్యూహాన్ని విశ్లేషించేవారు సాధారణంగా దాని బలాలను ఒక పక్క, బలహీనతలను మరో పక్క రాసుకుంటారు. చూడటానికి నిష్పాక్షికంగా కనిపించే ఈ పద్ధతి వెనుక ఒక తాత్విక భ్రమ ఉంది. బలం ఒక పదార్థమనీ, బలహీనత దానికి అంటుకున్న వేరొక పదార్థమనీ, తగిన నేర్పు ఉంటే బియ్యంలో రాళ్లు ఏరినట్లు రెండోదాన్ని ఏరిపారేసి మొదటిదాన్ని మాత్రమే నిలుపుకోవచ్చనీ అది ముందుగానే ఒప్పేసుకుంటుంది. మైదానం కొలతలు ఆట మధ్యలో పెరగవు, ఆటగాళ్లు పదకొండు మందికి మించరు. కాబట్టి ఆరో మనిషి ప్రత్యర్థి గోల్ వైపు కదిలాడంటే, అతను విడిచిన చోటు ఆ క్షణంలోనే ప్రత్యర్థికి దక్కిందన్నమాటే. ముందు పెరిగిన సంఖ్యాబలం, వెనుక ఏర్పడిన ఖాళీ అనేవి ఒకే కదలికను రెండు గోల్‌పోస్టుల దగ్గర నిలబడి చూసినప్పుడు కనిపించే రెండు రూపాలు. ఇది నిజమైతే దాడి వ్యూహం గురించి అడగవలసిన ప్రశ్నే మారిపోతుంది. దోషాన్ని ఎలా తొలగించాలన్న విచారణ పక్కకు తప్పుకుని, తొలగని ఆ దోషాన్ని ఎవరు మోయాలి, మోసేవారి పట్ల మిగిలినవారి ధర్మం ఏమిటి అన్న విచారణ ముందుకు వస్తుంది.

భారతీయ తత్వచింతనకు ఈ విచారణ కొత్తది కాదు. భగవద్గీత 18వ అధ్యాయం 48వ శ్లోకం, మనిషి తనకు సహజమైన కర్మ దోషంతో కూడినదైనా దాన్ని విడిచిపెట్టరాదని చెబుతూ, నిప్పును పొగ ఆవరించినట్లు ప్రయత్నాలన్నిటినీ ఏదో ఒక దోషం ఆవరించే ఉంటుందని కారణం చూపుతుంది. ప్రయత్నాలన్నీ ఇలా దోషయుక్తాలు కావడానికి అవి త్రిగుణాత్మకాలు కావడమే హేతువని శంకరాచార్యుల భాష్యం వివరిస్తుంది. త్రిగుణాలంటే సాంఖ్యదర్శనం ప్రకృతిలో గుర్తించిన మూడు అంశాలు: వెలుగునూ తేలికదనాన్నీ ఇచ్చే సత్త్వం, చలనాన్ని ఇచ్చే రజస్సు, బరువునూ నిరోధాన్నీ ఇచ్చే తమస్సు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక ప్రకారం ఈ మూడూ ఒకదాన్నొకటి అణచుకుంటూనే ఒకదానికొకటి ఆశ్రయంగా కూడా నిలుస్తాయి. దాడి జట్టు రజోగుణ ప్రధానమైనదని అనేయడం సులువే. గమనించవలసినది తమస్సు అన్న పేరు వినగానే కలిగే చిన్నచూపు. కదలకుండా నిలిచి అడ్డుకోవడం కూడా కర్మే, పైగా చలనానికి ఆశ్రయమిచ్చే కర్మ. మైదానంలో ఆ పని స్టాపర్‌ది, అంటే తన గోల్‌కు ఎదురుగా, రక్షణ వరుస నడుమ నిలబడి ప్రత్యర్థి ఫార్వర్డ్‌ను నిలువరించే ఆటగాడిది.

అయితే దోషాన్ని తప్పించుకోవడానికి దాడినే మానుకుంటే సరిపోదా అన్న సందేహం రావచ్చు. హైదరాబాద్‌లోని టోలిచౌకి నుంచి చూస్తే దీనికి సమాధానం దగ్గరలోనే ఉంది. గోల్కొండ కోట రక్షణనే పరమావధిగా చేసుకున్న నిర్మాణం; బాలా హిసార్ ద్వారం ముందు శత్రువుల ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపులను ఢీకొనకుండా అడ్డుగోడ కట్టేంత దూరం వెళ్లింది ఆ ఆలోచన. 1687లో ఔరంగజేబు సైన్యం దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించినా ఆ గోడలు లొంగలేదు, చివరికి లోపలి మనిషి ఒకడు తలుపు తీయడంతో అబుల్ హసన్ తానీషా రాజ్యం ముగిసింది. ఎదురుదాడి చేయగల శక్తి లేని రక్షణ, తన భవితవ్యాన్ని ఎదుటివాడి ఓపికకూ తనవాళ్ల విశ్వాసానికీ అప్పగించి కూర్చుంటుంది. కనుక రక్షణకూ దాని పొగ దానికుంది, ఆ సంగతి అంతటితో వదిలేయవచ్చు.

దాడి విషయం అంత తేలికగా తెమిలేది కాదు, ఎందుకంటే హైదరాబాద్ నగరం దానిపై ఒక సంప్రదాయాన్నే నిర్మించింది. ఆ సంప్రదాయానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963), వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు, ఆటగాళ్ల నోట రహీం సాబ్. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షకుడిగా పనిచేసిన ఆయన హయాంలో ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలుచుకుంది. భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినప్పుడూ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందినప్పుడూ, 1962 జకార్తాలో మళ్లీ ఆసియా స్వర్ణం సాధించినప్పుడూ శిక్షకుడు ఆయనే. ఈ విజయాల నడుమ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఎదురైన ఓటమి ఉంది, ఈ వ్యాసానికి విజయాల కంటే అదే ముఖ్యం.

అప్పటికి భారత జట్టు ఆడుతున్నది ఇద్దరే వెనుక నిలిచే పాత అమరికలో. వెనుక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు ఐదుగురు ఉండటం వల్ల తలకిందులైన పిరమిడ్‌లా కనిపించే ఈ 2–3–5 అమరిక, ఆఫ్‌సైడ్ నియమం వేరుగా ఉన్న కాలంలో పుట్టింది. ఆఫ్‌సైడ్ అంటే బంతి తనకు అందించిన సమయంలో దాడి చేసే ఆటగాడికీ గోల్ గీతకూ మధ్య తగినంతమంది ప్రత్యర్థులు లేకపోవడమనే దోషం. 1925కు ముందు ఆ సంఖ్య మూడు, ఆ ఏడాది దాన్ని రెండుకు తగ్గించారు. నియమం సడలగానే ఫార్వర్డ్‌లకు స్వేచ్ఛ పెరిగి గోల్స్ వెల్లువెత్తాయి, దాంతో ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ జట్టు నిర్వాహకుడు హెర్బర్ట్ చాప్‌మన్ నడుమ వరుసలోని ఒకరిని వెనక్కి రప్పించి మూడో రక్షకుడిగా నిలిపాడు. స్టాపర్ పాత్ర స్థిరపడింది అలాగే. అంటే దాడికి స్వేచ్ఛ దొరికిన మరుక్షణమే ఆ స్వేచ్ఛకు మూల్యం చెల్లించే మనిషి ఒకడు అవసరమయ్యాడు. హెల్సింకిలో చలికి వణుకుతూ, చాలామంది బూట్లు లేకుండా ఆడిన భారత జట్టులో ఆ మూడో మనిషి లేడు. వెనుక మిగిలిన ఇద్దరూ జట్టంతటి దాడి దోషాన్నీ తమ భుజాలపై మోయవలసి వచ్చింది.

ఆ తర్వాత రహీం చేసిన మార్పులను రక్షణ వైపు వెనుకంజగా చదవడం తప్పు. 1953 నవంబరులో హంగేరీ జట్టు లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్‌ను 6–3తో ఓడించింది, ఆ ఆటలో హిదెకుటి అనే సెంటర్ ఫార్వర్డ్ తన స్థానంలో ఉండక వెనక్కి జరిగి ఆడాడు. చిన్న మార్పే, కానీ దాని తర్కం లోతైనది. స్టాపర్ అతని వెంట వెళితే గోల్ ముందు ద్వారం తెరుచుకుంటుంది, వెళ్లకపోతే అతను తీరిగ్గా బంతిని పంచుతాడు; ఎదుటివాడికి ఏ దారి ఎంచుకున్నా దోషమే మిగిలే స్థితి అది. ఇలాంటి వెనక్కి జరిగే ఫార్వర్డ్‌ను రహీం మెల్‌బోర్న్ నాటికే భారత ఆటలోకి తెచ్చారనీ, 4–2–4 అమరికను బ్రెజిల్ 1958లో ప్రపంచానికి చూపకముందే ప్రయత్నించారనీ భారత ఫుట్‌బాల్ చరిత్రకారులు చెబుతారు. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాపై 4–2తో గెలిచిన ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. తర్వాత యుగోస్లావియా చేతిలో 4–1తో ఓటమి ఎదురైంది. హెల్సింకి నాటి పదికి ఇది నాలుగు. దోషం పోలేదు, కాకపోతే మోసే భుజాలు పెరిగాయి.

4–2–4 అమరికను కొంచెం ఆగి పరిశీలించాలి, ఎందుకంటే దాడి వ్యూహపు గుణదోషాలు ఒకటేనన్న మాటకు ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు. బంతి తమదైనప్పుడు నడుమ ఇద్దరూ ముందుకు కలిస్తే ఆరుగురు దాడి చేస్తారు, బంతి పోయినప్పుడు ఆ ఇద్దరే వెనక్కి కలిస్తే ఆరుగురు కాపాడతారు. కాగితం మీద పదిమందితో పన్నెండుగురి పని చేయించే చమత్కారం ఇది. చమత్కారమంతా నిలబడింది నడుమ ఉన్న ఆ ఇద్దరి ఊపిరితిత్తుల మీద. ప్రత్యర్థి నడుమ వరుసలో ముగ్గురిని నిలిపితే చాలు, ఆ ఇద్దరూ ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యంగానే చేరుకుంటారు, అప్పుడు ముందు నలుగురూ వెనుక నలుగురూ ఒకరికొకరు అందని రెండు దీవులవుతారు. 1958లో బ్రెజిల్ ఈ చిక్కును విప్పిన తీరు ఆలోచింపజేస్తుంది: ఎడమ వైపు ఫార్వర్డ్ జగాలో తన స్థానం విడిచి పదేపదే వెనక్కి వచ్చి నడుమ మూడోవాడయ్యాడు. పెలే, గరించా పేర్లు తెలిసినంతగా ఆ పరుగు లోకానికి తెలియదు. వ్యూహంలో రాసి లేని భారాన్ని ఒకరు తమ వంతుగా స్వీకరించినప్పుడే ఆ వ్యూహం గొప్పదనిపించుకుంది.

ఇక్కడే ధర్మశాస్త్రం మాట్లాడవలసి వస్తుంది, టోలిచౌకి వంటి చోట ఆ మాట రెండు సంప్రదాయాల నుంచి వినిపిస్తుంది. మసీదు ప్రసంగాలలో తరచు వచ్చే ఉహుద్ యుద్ధ వృత్తాంతం ఒకటి. క్రీ.శ. 625లో మదీనా దగ్గర జరిగిన ఆ యుద్ధంలో ప్రవక్త ముహమ్మద్ యాభై మంది విలుకాండ్రను ఒక గుట్టపై నిలిపి, గెలిచినా ఓడినా అక్కడి నుంచి కదలవద్దని ఆదేశించారు. ముందున్నవారు గెలుస్తున్నట్లు కనిపించగానే వారిలో ఎక్కువమంది విజయఫలంలో వాటా కోసం గుట్ట దిగిపోయారు, అప్పటికి శత్రుపక్షంలో ఉన్న ఖాలిద్ బిన్ వలీద్ తన ఆశ్వికులతో ఖాళీ అయిన ఆ దారినే వెనుక నుంచి విరుచుకుపడ్డాడు. రెండోది తిక్కన ద్రోణపర్వం ద్వారా తెలుగువారికి కంఠస్థమైన అభిమన్యుడి కథ. పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలిసి బయటపడటం తెలియకపోవడమే అతని చావుకు కారణమని లోకం అనుకుంటుంది, కథను నిదానంగా చదివితే అసలు కారణం అది కాదు. అతను దారి తీస్తే వెంటనే తామూ ప్రవేశిస్తామని ధర్మరాజాదులు మాట ఇచ్చారు. శివుడి వరం పొందిన సైంధవుడు వారిని వ్యూహ ముఖంలోనే నిలిపేశాడు. ఉహుద్‌లో వెనుక ఉండవలసినవారు ముందుకు వెళ్లిపోయారు, కురుక్షేత్రంలో వెనుక నుంచి రావలసినవారు రాలేకపోయారు. రెండు చోట్లా తెగినది ముందున్నవారికీ వెనుకనున్నవారికీ నడుమ లంకె, రెండు చోట్లా ముందున్నవారి శౌర్యంలో లోపమేమీ లేదు.

రెండు కథల మధ్య నైతికమైన తేడా మాత్రం పెద్దది. విలుకాండ్రది లోభం, కనుక వారిని తప్పుపట్టవచ్చు. పాండవులది అశక్తత; అయినా ఒక పిల్లవాడి సాహసాన్ని వాడుకుని, దాని దోషాన్ని పంచుకోలేకపోయిన పెద్దలుగా ధర్మరాజు పడిన శోకాన్ని కావ్యం దాచిపెట్టదు. దాడి వ్యూహాన్ని రచించే శిక్షకుడి నైతిక స్థానం ధర్మరాజుదే. ఫుల్‌బ్యాక్‌ను, అంటే రక్షణ వరుస చివర పక్క గీత దగ్గర నిలిచే ఆటగాడిని ముందుకు పంపేటప్పుడు, అతను విడిచిన మూలకు ఎవరు పరుగెత్తాలో ముందే తేల్చి ఉంచడం శిక్షకుడి బాధ్యత. ఇస్లాం చెప్పే తవక్కుల్, అంటే దైవంపై పూర్తిగా భారం వేయడం, ఈ బాధ్యతను తగ్గించదు. ఒంటెను కట్టేసిన తర్వాతే దేవుడిపై భారం వేయాలన్న హదీసు భావాన్ని విస్తరిస్తూ ఇమామ్ గజాలీ, అన్నం ముందు కూర్చుని చేయి చాచకపోవడం విశ్వాసమనిపించుకోదని వాదించాడు. పురుషప్రయత్నమంతా పూర్తయిన తర్వాత మిగిలే అనిశ్చితికే దైవం అన్న పేరు తగుతుంది.

1962 జకార్తా దీనికి నిదర్శనం. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన జట్టు, థాయ్‌లాండ్‌తో ఆడుతుండగా స్టాపర్ జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడటంతో మరింత చిక్కులో పడింది. గాయపడిన మనిషిని రక్షణలో నిలిపితే ప్రతి ఘర్షణా అతనికే కాక జట్టుకూ ప్రమాదం. కూర్చోబెడితే అతని బలం పోతుంది. రహీం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపి, వెనుక భారాన్ని అరుణ్ ఘోష్ తదితరులకు అప్పగించారు. దక్షిణ వియత్నాంపై 3–2తో గెలిచిన సెమీఫైనల్లోనూ, సెప్టెంబరు 4న లక్షమంది వ్యతిరేక ప్రేక్షకుల నడుమ అదే దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిన ఫైనల్లోనూ జర్నయిల్ గోల్ చేశాడు. ఫైనల్లో మరో గోల్ పి.కె. బెనర్జీది. దీన్ని అదృష్టవశాత్తు ఫలించిన ఎత్తుగా కొట్టిపారేయలేం. రహీం హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, అంటే బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ఒంటరిగా సాగిపోవడం తప్పుగా ఎంచే పోటీలు నడిపారు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలూ పెట్టారు. మొదటిది బంతిపై మమకారాన్ని తెంచే సాధన, రెండోది తనలోని లోపాన్ని దాచుకోకుండా దానితోనే పనిచేయడం నేర్చుకునే సాధన. ఇలాంటి అభ్యాసంలో పెరిగిన జట్టులో ఏ స్థానమూ ఎవరి జన్మహక్కూ కాదు, ఏ భారమూ ఎవరి నుదుటి రాతా కాదు. అప్పటికే క్యాన్సర్ సోకిన ఆ ఉపాధ్యాయుడు మరుసటి ఏడాది జూన్ 11న కన్నుమూశారు.

ఆయన జీవితం మీద 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ చిత్రం; ఫిల్మ్‌నగర్‌కు కూతవేటు దూరంలో నివసించిన సంప్రదాయాన్ని ముంబై వచ్చి తీసుకెళ్లవలసి వచ్చింది. ఇందులో ఆశ్చర్యం అంతగా లేదు. ఒక్కడే కొట్టి గెలిచే కథానాయకుడిని తీర్చిదిద్దడంలో ఆరితేరిన పరిశ్రమకు, పక్కవాడు ఖాళీ చేసిన మూలకు పరుగెత్తే మనిషి కథలో ఎక్కడ విజిల్ వేయించాలో తోచకపోవడం సహజం.

ఇటీవలి కాలంలో ఈ ప్రశ్నను మళ్లీ లేపింది హైదరాబాద్ ఎఫ్‌సీ. స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ 2020లో శిక్షకుడిగా వచ్చేనాటికి ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్‌లో అట్టడుగున ముగించిన తొలి సీజన్ అవమానంలో ఉంది. ఆయన ఎక్కువగా వాడిన 4–2–3–1 అమరికలో ఫుల్‌బ్యాక్‌లు ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ పక్క గీతల వెంట ముందుకు దూసుకెళ్లి దాడికి వెడల్పునిచ్చేవారు, రక్షణ వరుస ముందు జువావ్ విక్టర్ వంటివారు కాపు కాసేవారు, కొసన నైజీరియాకు చెందిన బార్తొలోమ్యూ ఓగ్బెచే ఉండేవాడు. 2021–22లో జట్టు 20 లీగ్ ఆటల్లో 43 గోల్స్ చేసింది, ప్రత్యర్థులకు ఇచ్చుకున్నవి 23; సీజన్ మొత్తంలో ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్ చేశాడు. ఐదింట దాదాపు రెండు వంతుల గోల్స్ ఒకే మనిషి నుంచి రావడం ఈ వ్యూహానికి ఉన్న మరో దోషం: ఎంతమంది శ్రమ పడినా దాడి ఫలం చివరికి ఒకే ద్వారం గుండా పోవలసిందే, ఆ ద్వారం మూసుకున్న రోజు మిగిలిన శ్రమంతా నిష్ఫలం.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్ అలాంటి రోజే. లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసిన జట్టు ఒక గోల్ వెనుకబడి, 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన బంతితో సమం చేసింది, అదనపు సమయంలోనూ తేలక పెనాల్టీలకు చేరింది. అక్కడ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపడంతో 3–1తో కప్పు దక్కింది. దాడి తాత్వికతపై నిలిచిన సీజన్‌కు చివరి ముద్ర వేసినవాడు, ఆ సీజనంతా దాడి దోషానికి చివరి హద్దుగా నిలబడ్డ మనిషి. మరుసటి ఏడాది అంకెలు వేరే కథ చెబుతాయి: గోల్స్ 36కు తగ్గాయి, ఇచ్చుకున్నవి 16కు తగ్గాయి, పాయింట్లు 38 నుంచి 42కు పెరిగాయి, అయినా ఏటీకే మోహన్ బగాన్‌తో సెమీఫైనల్ రెండు ఆటల్లోనూ ఒక్క గోల్ కూడా పుట్టక పెనాల్టీల్లో ఓటమి మిగిలింది. దోషాన్ని తగ్గించుకున్న ఏడాది మంటా తగ్గిందని చెప్పాలనిపిస్తుంది, కానీ రెండే ఆటల నుంచి అంత సిద్ధాంతం లాగడం న్యాయం కాదు. ఆ తర్వాత మార్కెజ్ వెళ్లిపోయారు, క్లబ్ ఆర్థిక చిక్కుల్లో పడింది, 2023–24లో ఒకే ఒక్క విజయంతో మళ్లీ అట్టడుగుకు చేరింది. ఏ వ్యూహమూ తీర్చలేని దోషం అది.

కట్టిమణి ఉదాహరణ ఓదార్పునిస్తుంది గానీ సమాధానమివ్వదు, ఎందుకంటే భారం మోసినవారికి కీర్తి దక్కడం నియమం కాదు. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టి పదకొండోది గోల్ చేస్తే వీరుడు. గోల్‌కీపర్ పది ఆపి పదకొండోది వదిలితే దోషి. ఈ అసమానతను వ్యక్తుల అన్యాయంగా కాక వ్యూహ స్వభావంగా చూడాలి: దాడి తన లాభాన్ని ఒక చోట, నష్టాన్ని వేరొక చోట జమ కట్టేలా అమర్చి ఉంటుంది. జమాఖర్చులు రెండూ ఒకే పద్దులో రాయగలిగిన జట్టు అరుదు, రహీం జట్టు అలాంటిది, జగాలో ఆ ఖర్చును తానే రాసుకున్నాడు.

సూడాన్, సోమాలియా, యెమెన్ వంటి దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు చాలాకాలంగా నివసిస్తున్న టోలిచౌకి పరిసరాల్లో, అద్దెకిచ్చే కృత్రిమ పచ్చిక మైదానాల మీద సాగే ఐదుగురి ఆట ఈ సమస్యకు తనదైన పరిష్కారం చూపుతుంది. అక్కడ ఆఫ్‌సైడ్ లేదు, గోల్ ముందు నిలబడటానికి ఇష్టపడేవారూ దాదాపు ఉండరు, అందుకే ప్రతి గోల్‌కు కీపర్ మారాలని ముందే ఒప్పందం చేసుకుంటారు. వంతులవారీగా ప్రతివాడూ తోటివారి దాడి దోషాన్ని కొన్ని నిమిషాలు మోస్తాడు. న్యాయం దృష్ట్యా ఇంతకంటే సమమైన ఏర్పాటు లేదు; ఆట నాణ్యత దృష్ట్యా మాత్రం ఇది ఖరీదైనది, చేతకాని కీపర్ల వల్ల అక్కడ గోల్స్ ఇబ్బడిముబ్బడిగా పడతాయి. వృత్తి క్రీడ నైపుణ్యం కోసం ఆ సమత్వాన్ని వదులుకుని, ఒకే మనిషిని ఏళ్ల తరబడి అదే భారం కింద నిలబెడుతుంది, బదులుగా అతనికి జీతం ఇస్తుంది. జీతం ఆ లెక్కను పూర్తిగా చెల్లుబెడుతుందా అన్నది వర్ణధర్మం గురించి ఆధునికులు గీతను అడిగే ప్రశ్నకు చాలా దగ్గరిది, 18వ అధ్యాయం 48వ శ్లోకం ఎక్కువ వాదనలకు గురైనది కూడా ఈ విషయంలోనే.